కొన్నే చేసిన బొమ్మ: తణ్హ ఎక్కడ పుడుతుంది?



పళ్లు ఇకిలించే ఒక చిన్న బొమ్మ ఇప్పుడు పిల్లల బడిసంచులకు వేలాడుతున్నది. పేరు లబూబు. దాన్ని ఊహించి గీసింది హాంకాంగ్‌లో పుట్టిన కాసింగ్ లుంగ్ అనే కళాకారుడు. అమ్మేది చైనాకు చెందిన పాప్ మార్ట్ కంపెనీ. మనిషంత ఎత్తున్న లబూబు ఒకటి 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో 10 లక్షల 80 వేల యువాన్లకు పోయింది. మన పైసల్లో కోటి రూపాయల పైమాటే. ధమ్మం పట్టినవాళ్లం దీన్ని ఎట్ల చూడాలి? బొమ్మను కోరడం తప్పా?

ముందు అది ఎట్ల నడుస్తదో చూడండి. 1999లో ‘కాస్’ అనే అమెరికా కళాకారుడు టోక్యోలో తన మొదటి వినైల్ బొమ్మను 500 మాత్రమే చేయించాడు. వినైల్ ఒక రకం ప్లాస్టిక్కు. అచ్చు ఉన్నాక 500 దగ్గర ఆగవలసిన పని లేదు. కావాలని ఆపారు. ఇక లబూబును మూసిన డబ్బాలో అమ్ముతారు. లోపల ఏ బొమ్మ ఉన్నదో విప్పేదాకా తెలవదు. కోరుకున్నది రాకపోతే ఇంకో డబ్బా కొనాలి. నాకు దొరకాలె, పక్కవానికి దొరకొద్దు అనే ఈ ఆరాటమే తణ్హ. అది బొమ్మలో లేదు, ‘కొన్నే ఉన్నయి’ అన్న మాట విన్న మనసులో పుట్టింది.

అయితే ఆ వ్యాపారంలో ఒక మంచి కూడా ఉన్నది. కొనేవానికి చేసినవాని పేరు తెలుసు. కళాకారునికి గౌరవం, ఆదాయం రెండూ ఉన్నాయి.

ఇప్పుడు మన నిర్మల్‌కు రండి. అక్కడ నకాషీ కుటుంబాలు తేలికైన పొనికి కట్టెను చెక్కి పండ్లు, పక్షులు, జంతువులు చేస్తాయి. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి ముక్కలు అతికి, నునుపు చేసి, రంగులు వేస్తారు. 1955లో సహకార సంఘం పెట్టుకున్నారు. జీఐ గుర్తింపూ ఉన్నది. కానీ అడవిలో పొనికి తగ్గింది, ఈ పని చేసే ఇండ్లూ తగ్గినయి. ఇక్కడ కొరత ఎవరూ కల్పించింది కాదు, నిజమైనది. అయినా ఆ కొరతకు వేలంపాట లేదు. కొనేవాడు ‘కట్టెబొమ్మకు గింతనా?’ అని బేరమాడుతాడు. చేసిన చేతి పేరు అడగడు.

ఎందుకిట్లా? చేతిపనిని తక్కువగా చూడటం ఈ దేశంలో కులం నేర్పిన అలవాటు. కులం పనులను పంచి ఊరుకోదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీస్తుందని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వివరించారు. ఆ మెట్లే మన బేరంలో కూడా మాట్లాడుతున్నాయి.

కాబట్టి బొమ్మ కోరడం పాపమని నేననను. బుద్ధుడు కర్మను చేతనతో కొలిచాడు. పిల్ల ఆడుకోవడానికి కొన్న బొమ్మ వేరు, నలుగురి ముందు గొప్పకు అల్మారాలో దాచిన బొమ్మ వేరు. సమ్మా ఆజీవం అమ్మేవానికే కాదు, కొనేవానికీ వర్తిస్తుంది. ఒకరి న్యాయమైన బతుకు మన కొనుగోలు మీదనే నిలబడుతుంది కదా.

మన సంగతే చూడండి. నాగపూర్ దీక్షాభూమికి పోయినప్పుడు బుద్ధుని విగ్రహం, బాబాసాహెబ్ బొమ్మ కొని తెచ్చుకుంటాం. ఎవరు చేశారని అడిగామా? అక్కడా పది రూపాయల కోసం కొట్లాడుతాం. కరుణ నేర్పినవాని బొమ్మను, చేసినవాని కూలి కోసి తెచ్చుకుంటే ఆ గూట్లో కూర్చున్నది ధమ్మమా, మన తణ్హనా?

ఈసారి బొమ్మ కొనేముందు మూడు మాటలు అడుగుకుందాం. ఇది అవసరమా, ఆనందమా, గొప్పనా? దీన్ని ఎవరు చేశారు? వాళ్లకు ఎంత ముడుతుంది? పిల్లల ముందరే అడగండి. బొమ్మ వెనుక మనిషి ఉంటాడని వాళ్లకు చిన్నప్పుడే తెలియాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.