కొమ్ముల రంగు చూసి ఎద్దును కొంటారా!

రండర్రా, కూర్చోండి. పొద్దుననగా వెళ్లినవాళ్లు ఇప్పటికి తెమిలారా! కాళ్లు పీకుతుంటాయి, తెలుసు. పడవ ఎక్కినప్పుడల్లా చెప్పులు విప్పి బుట్టలో పడేయడం, దిగాక వెతుక్కోవడం. అనాపొలిస్ పడవల ప్రదర్శన అంటే అంతే మరి. 1970లో మొదలైంది. అక్టోబరు వచ్చిందంటే ఆ చిన్న రేవు నిండా తెరచాప కొయ్యలే.

మీ వాదన గుమ్మం బయట నుంచే వినబడుతోంది. ఒకడు హాల్‌బెర్గ్-రాసీ పడవ అంటాడు, స్వీడన్ పనితనం, ముందర ఆ గాలి అద్దం, దాని తరువాతే ఏదైనా అంటాడు. ఇంకొకడికి బెనెటో. మూడోవాడు లగూన్ కాటమరాన్ తప్ప పేరెత్తడు. తమిళుల కట్టుమరం, మన జాలరుల తెప్ప, ఫ్రాన్సు దాకా వెళ్లి నాలుగు పడగ్గదులు వేసుకొచ్చింది చూడండి! ముగ్గురూ మంచి పిల్లలే. పడవ మీద ఇష్టమూ నిజమే. మీతో వచ్చిన చిక్కల్లా తొందర.

మా తాత సంతకి వెళితే ఎద్దు కొమ్ముల వైపు చూసేవాడు కాదు. కొమ్ములకి రంగు, మెడలో గంటలు, ఒంటికి నూనె... అమ్మేవాడు అన్నీ చేసే తెస్తాడు కదా. తాత నోరు తెరిపించి పళ్లు చూసేవాడు, గిట్ట ఎత్తి చూసేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు. ఆఖరికి కాడి కట్టించేవాడు. కాడి కట్టనివ్వనంటే బేరం లేదు, అంతే. రేవులో తాడు కట్టి నిలబెట్టిన పడవ రంగేసిన కొమ్ముల ఎద్దే నాయనా. కదలని నీళ్లలో అన్నీ బాగుంటాయి.

ఇప్పుడు చెప్పండి. ఆ విశాలమైన హాలు, సోఫా, దీపాలు, అన్నీ ఫోటోలు తీశారు. గాలికి పడవ ఇరవై డిగ్రీలు ఒరిగితే ఆ హాల్లో చెయ్యి వేసి పట్టుకోవడానికి ఏముంది? చూశారా? చూడలేదు. అంత వెడల్పు హాల్లో పట్టు దొరక్కపోతే మనిషి ఈ గోడ నుంచి ఆ గోడకి బంతిలా వెళ్లి పడతాడు. పక్కటెముకలు విరిగేది అక్కడే. పొయ్యి ఉయ్యాలలా ఊగుతుందా, చేత్తో ఊపి చూశారా? సాంబారు గిన్నె పెట్టినా అది నిటారుగా నిలవాలి. పడుకుంటే దొర్లి కింద పడకుండా పక్కకి కట్టే గుడ్డ ఉందా? నేల పలక ఎత్తి అడుగున నీళ్లు ఉన్నాయేమో చూశారా? ఇంజను మూత తీసి, ఫిల్టరు మార్చాలంటే చెయ్యి పడుతుందో లేదో చూశారా? గ్లాసు పెట్టుకునే గుంటలు మాత్రం లెక్కపెట్టారు! అందుకే తాత కాడి కట్టించేవాడు.

కదిలే నీళ్ల సంగతి వినండి. 1979 ఆగస్టులో ఇంగ్లండు దగ్గర ఫాస్ట్‌నెట్ అనే పడవల పందెం జరిగింది. 303 పడవలు బయలుదేరాయి. దారిలో తుపాను పట్టుకుంది. పందెంలో ఉన్నవాళ్లే 15 మంది పోయారు. అన్నిటికన్నా చిన్న పడవల తరగతిలో గమ్యం చేరింది ఒక్కటంటే ఒక్కటే, అసెంట్ అనే కాంటెస్సా 32. సన్నటి పడవ, లోపల ఇరుకు. ఇవాళ మీ ప్రదర్శనలో పెడితే ముగ్గురిలో ఒక్కడూ ఎక్కడు.

తొందర సంగతి అన్నాను కదా, అది కూడా వినండి. 1968లో ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టి రావాలని పందెం పెడితే తొమ్మిది మంది బయలుదేరారు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ సుహైలీ మన బొంబాయిలో టేకుతో కట్టింది. 32 అడుగులు, నడక నెమ్మది. దాన్ని ఇండియా నుంచి ఇంగ్లండు దాకా ముందే నడిపి, గుణం తెలుసుకున్నాడాయన. కాడి కట్టి చూసిన ఎద్దు అది. 312 రోజులకి తిరిగొచ్చాడు, తొమ్మిది మందిలో ఆయనొక్కడే. డోనాల్డ్ క్రౌహర్స్ట్ అని ఇంకొకాయన ఉన్నాడు. తెలివైనవాడే, చెడ్డవాడు కాదు. ఇల్లూ వ్యాపారమూ తాకట్టులో పెట్టి కొత్తరకం పడవ కట్టించాడు. పని పూర్తికాకుండానే, గడువు ఆఖరి రోజున, అక్టోబరు 31న బయలుదేరాడు. వెనక్కి వస్తే అప్పు, ముందుకి వెళితే సముద్రం. ఎక్కడున్నదీ అబద్ధాలు చెబుతూ నెలలు గడిపాడు. 1969 జులైలో పడవ దొరికింది, మనిషి లేడు. ఇంట్లో భార్య, నలుగురు పిల్లలు. గెలిచిన నాక్స్-జాన్‌స్టన్ తన బహుమతి 5,000 పౌండ్లూ వాళ్లకే ఇచ్చేశాడు.

భయపెట్టడానికి కాదర్రా. మీరు వెళ్లేది చెసపీక్ ఖాతంలోకి, శని ఆదివారాల్లో. కానీ అప్పు మాత్రం అన్ని నీళ్లలోనూ ఒక్కటే. ఇక్కడ పడవలవాళ్లు వెయ్యి డాలర్లని ‘బోట్ బక్’ అని నవ్వుకుంటారు, ఏ మరమ్మతైనా వెయ్యికి తగ్గదని. కొన్న ధరలో పదో వంతు ఏటా ఖర్చు కింద పక్కన పెట్టుకోమని పాత నావికుల లెక్క. 3 లక్షల డాలర్ల పడవకి ఏటికి 30 వేలు. ఇంటి వాయిదా, పిల్లల చదువు, ఊళ్లో అమ్మకి పంపేది, ఇవన్నీ పోగా మిగిలిన దాంట్లోంచే రావాలి అది. అన్నట్టు, మీ ఇళ్లలో భార్యలని ఒక్కమాటైనా అడిగారా? పడవ పేరు ఏం పెట్టాలో మాత్రం అప్పుడే ముగ్గురూ కొట్టుకుంటున్నారు!

ఆ రంగు కాగితాలు ఇటివ్వండి, నా దగ్గర ఉంటాయి. కొనొద్దనడం లేదు. నచ్చిన పడవలాంటిదే వారం రోజులకి అద్దెకి తీసుకోండి. ఎండ చూసుకుని కాదు, నవంబరు గాలిలో. ఇంటిల్లిపాదీ వెళ్లండి. లోపలే వండుకోండి, లోపలే పడుకోండి, ఒక్కసారైనా ఆ ఇంజను ఫిల్టరు మీరే మార్చండి. వచ్చాక కూడా మనసు అదే అంటే, సర్వేయరుని పెట్టి పడవని నీళ్లలోంచి పైకెత్తించి అడుగు చూపించండి. ఆ రోజు నన్నూ పిలవండి, వస్తాను. సంతకం అప్పుడు పెడుదురుగాని. ముందు లేవండి, అన్నం చల్లారిపోతోంది.