పోగొట్టుకున్న చోట దొరికినది

పోగొట్టుకున్న చోటనే వెతుక్కోవాలని మన పెద్దల మాట. ఖతార్ రాజధాని దోహా ఆ మాటకు ఒక నిదర్శనం చూపినది. అయితే, అక్కడ దొరికినది మొదట పోగొట్టుకున్న వస్తువేనా? ఈ ప్రశ్నను పాఠకులతో కలిసి విచారించదలచాము.

1993 అక్టోబరు 28న దోహాలో జపాను, ఇరాకు ఫుట్‌బాల్ జట్లు తలపడినవి. గెలిస్తే జపానుకు తొలిసారిగా ప్రపంచ కప్పులో ఆడే అర్హత లభిస్తుంది. నిర్ణీత సమయం ముగిసేసరికి జపాను 2-1 ఆధిక్యంలో ఉన్నది. చివర కలిపిన కొద్దిపాటి సమయంలో ఇరాకు గోలు చేసి ఆటను సమం చేసినది. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయినది. జపాను ప్రజలు ఆ ఘటనను నేటికీ ‘దోహా విషాదం’ అనే పిలుస్తారు. ఆనాడు మైదానంలో ఉన్న ఆటగాళ్ళలో హాజిమె మొరియాసు ఒకరు.

29 సంవత్సరాలు గడిచినవి. 2022 నవంబరు 23న, దోహా సరసనే ఉన్న ఖలీఫా అంతర్జాతీయ స్టేడియంలో, నాలుగు పర్యాయాలు ప్రపంచ విజేత అయిన జర్మనీని జపాను ఎదుర్కొన్నది. 33వ నిమిషంలో పెనాల్టీ గోలుతో జర్మనీ ముందంజ వేసినది. విరామ సమయంలో జపాను శిక్షకుడు ఒక ఆటగాడిని మార్చి, రక్షణ వరుసను ముగ్గురితో తిరిగి కూర్చాడు. ఆ తరువాత ఆయన బరిలోకి దింపిన రిత్సు దోవాన్ 75వ నిమిషంలో, తకుమా అసానో 83వ నిమిషంలో గోళ్ళు చేశారు. జపాను 2-1తో గెలిచినది. ఆ శిక్షకుడు మరెవరో కాదు, మొరియాసు.

ఓడిన ఊరిలోనే గెలిచాడని, పాత లెక్క సరిపోయినదని లోకం సంతోషించినది. మేమూ సంతోషించాము. కాని లెక్క నిజంగా సరిపోయినదా? 1994 ప్రపంచ కప్పు మొరియాసుకు గాని, ఆయన సహచరులకు గాని తిరిగి రాలేదు. 25 ఏళ్ళ వయసున చేజారినది 54 ఏళ్ళ వయసున అందలేదు, అందినది వేరొకటి. కురుక్షేత్రంలో గెలిచిన ధర్మరాజు సింహాసనం ముందు నిలిచి దుఃఖించాడే గాని, రాజ్యం లభించినది గనుక అభిమన్యుని మరణం సరిపోయినదని అనుకోలేదు. గెలుపు ఓటమి పక్కన నిలుస్తుంది, దాన్ని చెరిపివేయదు.

ఈ విచారణ మాకు ఆటతో ముగిసేది కాదు. మేము కోరింగ రేవు నుండి మారిషస్ చేరిన ఒప్పంద కూలీల సంతతివారము. అమ్మ నాన్నల నాలుకపై సన్నగిల్లిన తెలుగును సాయంకాల తరగతులలో కూడగట్టుకున్నవారము. 1834 నుండి ఆ దీవికి భారతదేశం నుండి 4 లక్షలకు పైగా కూలీలు వచ్చారు. చెరకు తోటలలో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసిన కాలమది. నేడు వారి మునిమనుమలలో వైద్యులున్నారు, న్యాయవాదులున్నారు, మావంటి ఉపాధ్యాయులున్నారు. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయని చెప్పుకుంటూ, మన సభలలో ‘తాతల కష్టం ఫలించినది’ అంటాము. కృతజ్ఞతతో అనే మాటే అది. కాని అందులో ఒక ప్రమాదం దాగి ఉన్నది. కోసిన కూలి ఆ తాతకు తిరిగి రాలేదు. మా పింఛను ఆయన కూలికి బదులు కాజాలదు. బదులేనని ఒప్పుకుంటే, నేటి కూలీతో కూడా ‘ఓర్చుకో నాయనా, నీ మనుమలు బాగుపడతారు’ అని చెప్పవలసి వస్తుంది.

ఆ నేటి కూలీ ఊహలోని మనిషి కాదు. 2022 పోటీలు జరిగిన 8 స్టేడియాలలో ఏడింటిని కొత్తగా కట్టారు. ఖలీఫా స్టేడియాన్ని పునర్నిర్మించారు. ఆ పని చేసినవారిలో అత్యధికులు వలస కార్మికులు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుండి తెలుగువారు గల్ఫు దేశాలకు పనికి వెళ్ళడం తరతరాల కథ. యజమాని అనుమతి లేనిదే మరొక పనికి మారరాదన్న నియమం ఖతార్‌లో చాలాకాలం ఉన్నది. ఆ నియమాన్ని 2020లో తొలగించారు; 2021 మార్చి నుండి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలులోకి వచ్చినది. ఇది మేలైన మార్పు. అయినా, అంతకు ముందే తిరిగి వెళ్ళినవారికి ఆ మేలు అందలేదు.

కనుక పుంజుకొని గెలవడంలో రెండు తీరులున్నవని మాకు తోస్తున్నది. 1993లో ఓడి 2022లో గెలవడం ఒక తీరు. అందులో ఓడినవారు కొందరు, గెలిచినవారు వేరొకరు. ఇద్దరికీ చెందినవాడు మొరియాసు ఒక్కడే. 33వ నిమిషంలో వెనుకబడి 83వ నిమిషంలో ముందుకు రావడం రెండవ తీరు. ఇందులో వెనుకబడిన జట్టే, ఆట ముగియకముందే, తన గెలుపును తాను అందుకున్నది. చరిత్ర మా కుటుంబాలకు మొదటి తీరును ప్రసాదించినది. అందుకు తలవంచి నమస్కరిస్తాము. కాని ఎదుటివారి విషయంలో మనం కోరవలసినది, పాటుపడవలసినది రెండవ తీరు కొరకే.

ఆ గెలుపు కూడా అంతిమం కాదు. నాలుగు రోజులకే జపాను కోస్టారికా చేతిలో 0-1తో ఓడినది. డిసెంబరు 1న ఖలీఫా స్టేడియంలోనే మళ్ళీ వెనుకబడి, స్పెయిన్‌పై 2-1తో గెలిచినది. ఆ రోజు త్సుకుబా విశ్వవిద్యాలయ జట్టులో ఆడి ఎదిగిన కవొరు మితోమా, గీత దాటిపోతున్నట్లు కనిపించిన బంతిని ఆఖరి క్షణంలో లోనికి మళ్ళించగా, అవో తనాకా దాన్ని గోలు చేశాడు. డిసెంబరు 5న క్రొయేషియాతో ఆట పెనాల్టీలకు పోయి, జపాను ఇంటిముఖం పట్టినది.

మితోమా ఆ బంతిని అందుకున్నది అది గీత దాటకముందే. కార్మికుని కూలి, విశ్రాంతి, ఇంటికి పోయే స్వేచ్ఛ అతని ఒంట్లో సత్తువ ఉండగానే అతనికి అందాలి. మన తాతలకు అలా అందలేదు. వారి రుణం వారికి తీర్చలేము. ఇంకా ఆట ముగియని వారి పక్షాన నిలబడగలము.