పటం ఉంది... దిక్కు తెలుసా?



2025 వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం ప్రత్తిపాడు ప్రాంతంలో ఒక కుటుంబాన్ని దర్శించడానికి వెళ్లాను. గడపలో అడుగు పెట్టగానే ఆ ఇంటి తల్లి, "ఫాదర్ గారూ, మీరైనా వీడికి బుద్ధి చెప్పండి. పొద్దస్తమానం ఆ కంప్యూటరు ముందే! సముద్రపు దొంగల ఆటంట, నిధులు తవ్వుతాడంట!" అని మొరపెట్టుకుంది. పదో తరగతి పరీక్షలు రాసిన కుర్రవాడు తల దించుకున్నాడు. తండ్రి మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. వసారాలో మంచం మీద కూర్చుని చేలవైపు చూస్తున్నాడు. కౌలు చేలో మిరప వేసి దెబ్బతిన్న మనిషి. ఆ ఏడు ధర ఎంతగా పడిపోయిందో మీకు తెలుసు. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమే కల్పించుకొని క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించవలసి వచ్చింది. అప్పటినుండి ఆయన ఆదివారం పూజకు రావడం కూడా మానుకున్నాడు.

మందలించే ముందు వినడం మంచిదని, "ఏదీ, నాకూ చూపించు బాబూ" అంటూ కుర్రవాని పక్కన కూర్చున్నాను.

ఆ ఆట పేరు 'సీ ఆఫ్ థీవ్స్'. ఇంగ్లండులోని రేర్ అనే సంస్థ తయారు చేయగా 2018లో విడుదలైంది. ఆటగాని చేతికి ఒక నిధిపటం వస్తుంది. అందులో ఒక దీవి ఆకారం, నిధి ఉన్నచోట ఎర్రని ఇంటూ గుర్తు ఉంటాయి. దీవి పేరు ఉండదు. ఓడలోని పెద్ద పటం దగ్గరకు వెళ్లి, ఆ ఆకారం ఏ దీవిదో పోల్చుకోవాలి. దీవిలో దిగాక దిక్సూచి తీయాలి. కొన్ని పటాలలో బొమ్మకు బదులు పొడుపుకథ ఉంటుంది. ఫలానా రాతి దగ్గర నిలబడి ఉత్తరానికి ఇన్ని అడుగులు వేయమంటుంది. మొదటి గుర్తు దగ్గరకు చేరితే తప్ప రెండవ మాట కనిపించదు. పెట్టె తవ్వి తీసినా అప్పుడే మనది కాదు. దాన్ని ఓడలో పెట్టుకొని, కొనేవారున్న రేవుకు చేర్చాలి. ఈలోగా ఓడ మునిగితే పోయినట్లే, ఇంకొక ఓడవారు దోచుకున్నా పోయినట్లే.

ఇది వింటుంటే నాకు ప్రభువు చెప్పిన పొలంలోని నిధి ఉపమానం గుర్తుకు వచ్చింది (మత్తయి 13:44). ఆ నిధి దొరికిన మనిషి ఆ పొలం యజమాని కాడు. మన కౌలు రైతులాగా, కూలివానిలాగా పరుల నేలలో పాటుపడేవాడై ఉండవచ్చు. నిధి కనబడగానే మళ్లీ కప్పిపెట్టి, సంతోషంతో వెళ్లి, ఉన్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడు. ఆటలో నిధికి మనం చెల్లించేది కాలం మాత్రమే. దైవరాజ్యానికి మనల్ని మనమే చెల్లించాలి.

ప్రియ సహోదరులారా, మనకూ పటం ఉంది. అది పవిత్ర గ్రంథం. మన ఇళ్లలో జ్ఞానస్నాన పత్రంతోపాటు బీరువాలో భద్రంగా ఉంది! పటం పెట్టెలో ఉంటే ఓడ కదలదు. మనకు దిక్సూచి కూడా ఉంది. అది అంతరాత్మ. దిక్సూచి గుణం మీకు తెలిసిందే. దాని పక్కన ఇనుపముక్క పెడితే ముల్లు అటు తిరుగుతుంది. ముల్లు చెడిపోలేదు, పక్కన పెట్టినదే దాన్ని లాగింది. మన నిధి ఎక్కడో మన హృదయమూ అక్కడే అని ప్రభువు హెచ్చరించింది ఇందుకే (మత్తయి 6:21). డబ్బు మీది ఆశ ఇనుమే. అప్పు మీది భయమూ ఇనుమే. పోయినేడు పక్క చేనుకు పలికిన ధర చూసి, ఈ ఏడు శక్తికి మించి వేసేటప్పుడు మన ముల్లు ఎటు తిరిగిందో పరీక్షించుకోవాలి.

ఇక ఆ కుర్రవాడు చెప్పిన ఒక మాట నన్ను కదిలించింది. "పెద్ద ఓడ ఒక్కడే నడపలేడండీ. చుక్కాని పట్టినవాడికి తెరచాపలు అడ్డం, ముందు ఏముందో కనపడదు. పటమేమో కింది అంతస్తులో ఉంటుంది. మిగతావాళ్లు 'కుడికి తిప్పు, ఎదురుగా రాయి ఉంది' అని అరుస్తూ చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఓడ రాతికి కొట్టుకుంటుందండీ."

నేను మెల్లగా అడిగాను: "మీ ఇంట్లో చుక్కాని ఎవరు పట్టుకున్నారు బాబూ? ఆయనకు మీరెవరైనా దారి చెబుతున్నారా?"

కుర్రవాడు వసారావైపు చూశాడు. జవాబు చెప్పలేదు. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ రాత్రి అతడు కంప్యూటరు మూసి, నోటుపుస్తకం తీసుకొని తండ్రి మంచం దగ్గర కూర్చున్నాడట. విత్తనాలకెంత, మందులకెంత, కౌలుకెంత, వడ్డీకెంత అని లెక్క రాశారట. అప్పు మొత్తం ఎంతో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలిసింది ఆనాడేనని తల్లి తరువాత నాతో చెప్పింది. మరుసటి ఆదివారం ఆ తండ్రి పూజకు వచ్చి తలుపు పక్కనే నిలబడ్డాడు. అప్పు తీరలేదు. కాని ఆ భారం ఆయన ఒక్కనిదే కాకుండా పోయింది. పొడుపుకథలో మొదటి గుర్తు దగ్గరకు వారు చేరుకున్నారు. రెండవ మాట దేవుడు చూపిస్తాడు.

ఆట పాపమని నేను చెప్పను. 2025 సెప్టెంబరు 7న జగద్గురువులు 14వ లియో పోపు గారు పునీతునిగా ప్రకటించిన కార్లో అకూటిస్ కూడా వీడియో ఆటలు ఇష్టపడ్డ బాలుడే. వారానికి ఒక గంట మాత్రమే ఆడాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. తన కంప్యూటరు నేర్పును దివ్యసత్ప్రసాద అద్భుతాలను లోకానికి తెలియజేయడానికి వినియోగించాడు. 2006లో 15వ ఏట రక్తక్యాన్సరుతో మరణించేనాటికే అతని ఓడ రేవు చేరింది.

తల్లిదండ్రులారా, పిల్లల చేతిలోని ఆటను లాక్కునే ముందు ఒక్కసారి వారి పక్కన కూర్చోండి. పిల్లలారా, మీ నాన్న మౌనంగా ఉంటే ఆయనకు దారి కనబడటం లేదేమో అడగండి. ఈ వారం ఒక్క రాత్రి కుటుంబ జపమాల ముగిశాక ఫోనులన్నీ పక్కనపెట్టి, బీరువాలోని పటాన్ని తీసి మత్తయి 13వ అధ్యాయం కలిసి చదవండి. తరువాత ఇంటి కష్టసుఖాలు దాచుకోకుండా చెప్పుకోండి.

సముద్రతారయైన మరియమాత మన కుటుంబాలను క్షేమంగా రేవుకు చేర్చునుగాక. ఆమెన్.