కార్డు మీద ఒకే పేరు

రెండేళ్ల కిందట నవంబరు మొదటి ఆదివారం. ఆ రాత్రి 2 కొట్టగానే అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్లి మళ్లీ ఒంటిగంట అవుతుంది. అంటే న్యూయార్కులో రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. హైదరాబాదులో ఉన్న మాకు అది పగలు 11కి ఒకసారి, 12కి ఇంకోసారి. సరిగ్గా ఆ ఒంటిగంటన్నరకి నడిచేలా మా టీమ్ పెట్టిన ప్రోగ్రామ్ రెండుసార్లూ నడిచింది. కస్టమర్లందరికీ రెండేసి బిల్లులు వెళ్లాయి.

సాయంత్రం కాల్‌లో మేనేజరు మొదట అడిగింది, "కార్డు ఎవరిది?" అని. మేం ఒక్కో పనినీ ఒక్కో కార్డుగా రాసుకునే సాఫ్ట్‌వేర్ జీరా. దాని కార్డులో అసైనీ అని ఒక గడి ఉంటుంది. దాంట్లో ఒక్క పేరే పడుతుంది. ఆ రోజు అందులో ఉన్నది, ఉద్యోగంలో చేరి ఏడాది నిండని నంద్యాల కుర్రాడి పేరు. "నాదేనండి, సారీ" అన్నాడు. ఆ టీమ్‌కి స్క్రమ్ మాస్టర్ని నేను. గడువు ముంచుకొస్తోందని, టెస్టింగ్‌కి ఉంచిన రెండు రోజుల్ని ఒక రోజుకి కుదించింది నేనే. ఆ మాట చెప్పాల్సిన చోట నోరు మెదపలేదు. తర్వాత మూడు వారాలు ఆ అబ్బాయి బోర్డు మీంచి తనంతట తాను ఒక్క కార్డూ తీసుకోలేదు. పొద్దున స్టాండప్‌లో అందరికన్నా వెనక నిలబడేవాడు.

మా నాన్న తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఫోన్లో ఆయనకి ఇదంతా చెప్పి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "గీత 18వ అధ్యాయంలో 14వ శ్లోకం చూడమ్మా" అన్నారు. గీత అనగానే అందరం రెండో అధ్యాయంలో ఫలం మీద ఆశ వద్దన్న శ్లోకం దగ్గరే ఆగిపోతాం. పని అసలు ఎలా జరుగుతుందో చెప్పింది ఇక్కడ. ఏ పనికైనా ఐదు కారణాలు: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఇన్ని ఉండగా నేనొక్కణ్ణే కర్తననుకునేవాడికి చూపు సరిగా లేనట్టేనని మరో రెండు శ్లోకాల తర్వాత ఉంది.

ఆ రాత్రి కాగితం తీసి ఐదూ రాసుకున్నాను. అధిష్ఠానం అంటే శరీరమని భాష్యకారులు చెబుతారు. నా లెక్కలో అది న్యూయార్కు టైము మీద నడిచే సర్వరు. కర్త ఆ అబ్బాయి. కరణం, వేళకి ప్రోగ్రామ్‌ని లేపే షెడ్యూలరు. చేష్టల కింద చాలా వచ్చాయి: కోడ్ చూసి సరేనన్న సీనియరు, వేళ మార్చమని చివర్లో అడిగిన క్లయింటు, టెస్టింగ్ రోజు కోసేసిన నేను. దైవం దగ్గర, రెండుసార్లు వచ్చిన ఆ గంట. అది ముందే తెలుసుకోదగ్గదే, కాదనను. కానీ ఆ గడియారం మాలో ఎవరి చేతిలోనూ లేదు.

ఇదంతా తప్పించుకునే దారి కాదా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. తప్పుని ఐదింటి మీదకీ తోసేస్తే ఎవరి మీదా ఉండదు. అయితే ఆ జాబితాలో కర్తని కొట్టేయలేదు, రెండో చోట కూర్చోబెట్టారు. అర్జునుణ్ణి ఇంటికి పొమ్మననూ లేదు. పేరు ఉండాలి, లేకపోతే పని కదలదు. రేపు దీని గురించి ఎవరిని అడగాలో ఆ గడి చెబుతుంది. నిన్న ఇది ఎందుకిలా అయిందో చెప్పడం దాని వల్ల కాదు. మేం మొదటిదాన్ని రెండోదనుకున్నాం.

నిజానికి మేం పనిచేసే స్క్రమ్ పద్ధతి పుట్టిందే గుంపు మీద నమ్మకంతో. 1986లో తకెఉచి, నొనకా అనే ఇద్దరు జపాను పండితులు, కొత్త వస్తువులు తయారుచేసే బృందాల్ని రగ్బీ జట్టుతో పోల్చారు. 1995లో సదర్లాండ్, ష్వేబర్ సాఫ్ట్‌వేర్ కోసం ఆ మాటనే పద్ధతిగా మలిచి లోకం ముందుంచారు. ఎవరెవరికి ఏ నైపుణ్యం ఉన్నా జవాబుదారీ మొత్తం బృందానిదేనని స్క్రమ్ గైడ్ పాత ప్రతుల్లో స్పష్టంగా ఉంది. జీరా దారి వేరు. 2002లో అది మొదలైంది బగ్గుల చిట్టాగా. బగ్గుకి బాగుచేసే మనిషి ఒకడు కావాలి కాబట్టి ఒక గడి సరిపోయింది. ఆ చిట్టాలోకి మనం పనంతా తెచ్చి పోశాం.

రామాయణం యుద్ధకాండలో వారధి లెక్క నాకు ఇప్పుడు కొత్తగా కనిపిస్తుంది. మొదటి రోజు 14 యోజనాలు, తర్వాత వరసగా 20, 21, 22, 23. ఐదు రోజులు, నూరు యోజనాలు. రోజువారీ లెక్క అంత కచ్చితంగా ఉంది కానీ, ఏ వానరుడు ఎన్ని బండలు మోశాడో లేదు. నలుడి పేరు ఉంది. కట్టడం తెలిసినవాడు కాబట్టి అడగాల్సింది అతన్నే. మన రంగనాథ రామాయణం ఆ పనిలోకి ఉడుతనీ తెచ్చింది. దాని ఇసుక ఏ యోజనంలో కలిసిందో ఎవరూ కొలవలేదు, రాముడు మాత్రం చూశాడు. మా టీమ్‌లోనూ అలాంటి పని రోజూ జరుగుతుంది. కొత్తవాళ్ల సందేహాలు తీర్చే ఒకావిడ ఉంది. ఆ గంటలకి కార్డు లేదు. వాటిని చూడటం నా ఉద్యోగంలో భాగమని నాకు ఆలస్యంగా తెలిసింది.

నాన్న ఇంకో మాట కూడా అన్నారు. "మనం 'నా వల్ల అయింది', 'నా వల్ల కాలేదు' అంటాం చూడు. అయ్యేది పని. నువ్వు దానికి ఒక కారణానివి, అంతే."

జరిగిన పనిని టీమంతా కూర్చుని తిరిగి చూసుకునే రెట్రో ఉంటుంది. తర్వాతి రెట్రోలో ముందుగా నేనే చెప్పాను, టెస్టింగ్ రోజు కోసింది నేనని. ఆ తర్వాత సీనియరు నోరు విప్పారు, కోడ్ పైపైన చూశానని. అప్పటినుంచి ఏ తప్పు మీద కూర్చున్నా ఐదు వరసలు గీసుకుంటాం. పేరున్న వరస రెండోది.

మొన్న నవంబరు మొదటి ఆదివారం కాపలా కార్డు ఆ అబ్బాయి అడిగి తీసుకున్నాడు. కింద వివరంలో సర్వరు పేరు, షెడ్యూలరు, కోడ్ చూసినవారు, టెస్ట్ చేసినవారు, చివర నా పేరు రాశాడు. నేనూ ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. 11 దాటింది. 12 దాటి ఐదు నిమిషాలకి మెసేజ్ వచ్చింది: "బిల్లులు ఒక్కసారే వెళ్లాయక్కా."