"రిపోర్టులో ఏమీ లేదు" అంటే సత్యమేనా?

నవరాత్రుల్లో ఉపవాసాల మాట, ప్రసాదాల మాట ఎలాగూ వస్తాయి కనుక కడుపును గురించి ఒక ధర్మసందేహం. పిల్లల దగ్గర ఉండటానికి క్రోయిడన్ వచ్చిన మన పెద్దలు కొందరు కడుపులో మంట, ఉబ్బరం అంటూ బాధపడతారు. పరీక్షలన్నీ నార్మల్ అని వస్తాయి. వెంటనే మనం "ఏమీ లేదటమ్మా, అంతా నీ మనసులోనే ఉంది" అనేస్తాం. అది సత్యమేనా?

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు నీరు మాత్రమే తాగి ఉండమంటాడు. ఆ తరువాత వేదం చెప్పమంటే, పన్నెండేళ్లు చదివినవాడికి ఒక్క ముక్క గుర్తుకు రాదు. భోజనం చేసి వచ్చాక అడిగినవన్నీ చెబుతాడు. మనసు అన్నం మీద నిలిచి ఉందని తండ్రి చూపించిన తీరు అది.

పేగులకూ మెదడుకూ మధ్య వేగస్ అనే నరం ఉంది. దాని పోగుల్లో నూటికి సుమారు 80 కింది నుంచి పైకి కబురు మోసేవే. రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగు గోడల్లోనే కాపురం ఉంటుంది. దిగులు పడితే మెదడు నుంచి వచ్చే సంకేతాలు ఈ కణాల పనిని మారుస్తాయి. కణాలు వదిలే రసాయనాలు పేగు నరాలను రేపుతాయి, అప్పుడు మామూలు గ్యాసు కూడా నొప్పిగా తెలుస్తుంది. అటువంటి రసాయనాలే మెదడుకు నీరసాన్ని, దిగులును తెస్తాయి. జ్వరంలో ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం మనందరికీ అనుభవమే కదా!

షెఫీల్డ్ వైద్యులు 1996లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అంటువిరేచనాలు తగ్గిపోయినా కొందరికి కడుపు బాధ నెలల తరబడి మిగిలిపోయింది. జబ్బుపడిన నాటికే ఆందోళన ఎక్కువగా ఉన్నవారిలో అది ఎక్కువ. అలాంటివారి పేగు గోడలో వాపు కణాలు ఇంకా ఉన్నాయని తరువాతి పరిశోధనల్లో కనబడింది. మామూలు పరీక్షలకు అవి అందవు.

కనుక "మనసులోనే" అన్నమాట సగమే నిజం. అంతా బాక్టీరియా పనే అంటూ షాపుల్లో అమ్మే సీసాలన్నిటికీ రుజువు లేదు. మన ఇంటి పెరుగుకూ లేదు, చెప్పడానికి మాకు కష్టంగానే ఉంది. బరువు తగ్గినా, మలంలో రక్తం పడినా, మింగడం కష్టమైనా మళ్లీ జీపీ దగ్గరికి వెళ్లాల్సిందే. అవేవీ లేనప్పుడు "పగలంతా ఒక్కదానివే ఉంటున్నావు, వేళకు తింటున్నావా అమ్మా?" అని అడగడం కూడా వైద్యంలో భాగమే.

మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడే పెద్దలు ఉపవాసానికి ముందు జీపీని అడగాలి. గురుకులం నుంచి తిరిగి వచ్చేనాటికి శ్వేతకేతువు వయసు ఇరవైనాలుగే!