కులము విడిచినవానికి వంశచరిత్ర యేల?



లింగధారణతో పూర్వకులము నశించునని మన పెద్దలు చెప్పుదురు. దీక్ష పొందినవాని పూర్వకులమును అడుగుటయే దోషమని బసవాది శరణుల మతము. అట్టియెడ తాతముత్తాతల పేర్లను వెదకుచు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుండుట శివభక్తునకు తగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురైనది కాదు. మా యింటి వసారాలో, మా పెదనాన్నగారి నోట ఎదురైనది.

మా పెదనాన్నగారికి ఎనుబదియైదేండ్లు. వారి నాయనమ్మగారు చెప్పిన మాట యొకటి మా యింట నిలిచియున్నది. ఆమె మరిది, అనగా మా ముత్తాతగారి తమ్ముడు, బెల్లపు బండితో అనకాపల్లికి పోయి, అటునుండి అటే నేటాలు దేశమునకు వెడలిపోయెనట. తరువాత జాబు లేదు, జాడ లేదు. ఆమె బ్రతికినన్నాళ్లు పండుగనాడు ఒక విస్తరి అదనముగా వేయించెడిదట. ఆ విస్తరి యెవరిదని పిల్లలడిగినచో, "వచ్చినవాళ్లది" అనెడిదట.

నేటాలనగా నేటి దక్షిణాఫ్రికాలోని తూర్పు తీరభాగము. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి పోయి డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా అచ్చటికి చేరిరి. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవున ఓడ యెక్కినవారు. విశాఖపట్టణము, గంజాము జిల్లాల తెలుగువారు వారిలో అనేకులు. చెఱకు గానుగల సీమను విడిచి, సముద్రము దాటి, మరల చెఱకుతోటకే కూలికి చేరుట యెంతటి విధివిలాసము! ఓడ యెక్కిన ప్రతి మనిషికి ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపైనున్న గుర్తులు పట్టీలలో గడులు గీచి వ్రాసిరి. డర్బనులోని గాంధీ–లుతూలీ డాక్యుమెంటేషన్ కేంద్రము వంటి సంస్థల కృషివలన ఆ పట్టీలు ఇంటర్నెట్టుకెక్కినవి.

మా తమ్ముని కుమారుడు వీనిని నాకు చూపెను. వెదకుటకు మూడు వేసవి సెలవులు పట్టినవి. గుమాస్తాలు తెలుగు పేర్లను చెవికి వినబడినట్లు ఆంగ్లలిపిలో వ్రాసికొనిరి. ఒకే యూరి పేరు నాలుగు విధములుగా కనబడును. మనిషి పేరు ఆరు విధములుగా కనబడును. అందుచేత మనిషి పేరుతో వెదకుటకంటె గ్రామముతో వెదకి, తండ్రి పేరుతో సరిచూచుకొనుట మేలని అనుభవముపై తెలిసికొంటిని. తుదకు ఒక వరుస దొరకినది. ఊరు మాదే. తండ్రి పేరు మా యింటి పేర్లలోనిదే. వయస్సు ఇరువదియొకటి. కుడి భుజముపై మచ్చ.

కులపు గడిలో మాత్రము వేరొక కులము వ్రాసియున్నది. అదేదో ఇచ్చట వ్రాయను. వ్రాసినచో పాఠకుడు ఆ గడినే చూచును గాని ప్రశ్నను చూడడు. లోకము తక్కువగా నెంచు కులమని చెప్పిన చాలును.

పెదనాన్నగారికి చదివి వినిపించితిని. ఆయన మనుమరాలికి సంబంధములు చూచుచున్న రోజులవి. "ఆ కాగితం రాసిందెవరురా? ఎవడో దొరగారి గుమాస్తా. వాడికి తోచింది రాసుకున్నాడు. దాన్ని తెచ్చి మన పుస్తకంలో ఎక్కిస్తే, రేపు పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్లకి నువ్వు సమాధానం చెబుతావా? అయినా కులం వదిలేసినవాళ్లకి ఈ వంశాల గొడవ ఎందుకు?" అనిరి.

ఆయన భయమును తేలికగా త్రోసివేయలేను. గుమాస్తాను గూర్చి ఆయన యన్నది సబబైన మాట. ఆ పట్టీ సత్యమునకు అద్దము కాదు. తొందరలో అడిగినవాడు, బెదరి చెప్పినవాడు, భాష తెలియక వ్రాసినవాడు, ముగ్గురును కలిసి చేసిన లిఖితమది. పొరపాటు కావచ్చును. లేదా ఆ యువకుడు మావాడే కాకపోవచ్చును. ఒకే యూర ఒకే పేరుగల తండ్రులు ఇద్దరుండరా? లేదా మా వంశమువారు ఆ కాలముననో, అటుపిమ్మటనో లింగదీక్ష పొందినవారై యుండవచ్చును. ఈ మూడింటిలో ఏది నిజమో ఆ యొక్క వరుస చెప్పజాలదు.

అయినను నన్ను నేనే యొక ప్రశ్న అడిగికొంటిని. ఆ గడిలో లోకము గొప్పదని తలచు కులమొకటి వ్రాసియుండినచో, మేము ఆ గుమాస్తాను ఇట్లే శంకించెడివారమా? దొరలు ఎంత కచ్చితముగా వ్రాసిరో చూచితిరా యని పదిమందికి చూపెడివారము గదా! నిజము చెప్పవలెనన్న, ఆ గడి చదివిన క్షణమున నా మనస్సు కూడ చివుక్కుమన్నది. ముప్పదియేండ్లు బడిలో బసవేశ్వరుని సమత్వమును పాఠముగా చెప్పినవాడను నేను.

బసవన్న బ్రాహ్మణ కులమున పుట్టి, దానిని విడిచి, మాదర చెన్నయ్య, డోహర కక్కయ్యల వంటి శరణులనే తన బంధువులనుగా తన వచనములలో చెప్పుకొనెను. కల్యాణములో హరళయ్య కుమారునికి మధువరసుని కుమార్తెనిచ్చి వివాహము చేసినందుకే బిజ్జలుడు ఆ తండ్రులనిద్దరిని చంపించెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. మరి మన చరిత్రలో తొలి పుటయే కులము దాటినవారిదైనపుడు, మన యింటి పుస్తకములో అట్టి పుట యొకటి యున్నదేమోయని జంకుట యేమి? కులమును నిజముగా విడిచినవానికి పాత కాగితము వలన పోవునదేమియు లేదు. దాచవలెనని తోచినదన్న, విడిచితిమన్న కులము ఇంకను మనలోనే యున్నదనియే గదా! పెదనాన్నగారి రెండవ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది. వంశపు గొప్పకై వెదకుట శరణునకు తగదు. అదనపు విస్తరి వేయించిన ఆ తల్లి ఋణము తీర్చుకొనుటకై వెదకుట తగును.

ఆ పట్టీలలో నన్ను సిగ్గుపరచిన విషయము మరియొకటి కలదు. మా యింటి పాత నోటుపుస్తకములోని వంశవృక్షమునందు ఏడు తరముల పురుషుల పేర్లున్నవి. స్త్రీ పేరు ఒక్కటియు లేదు. విస్తరి వేయించిన ఆమె పేరు కూడ పెదనాన్నగారిని అడిగి వ్రాసికొంటిని. చెఱకుతోటల యజమానులకు స్త్రీలపై గౌరవమేమియు లేదు. అయినను కూలికై వచ్చిన ప్రతి స్త్రీకి వేరు సంఖ్య, సొంత పేరు ఆ పట్టీలో నున్నవి. అక్కమహాదేవిని కొలుచు మన యిండ్లలో ఆ మాత్రమైనను జరుగలేదు.

మన యిండ్ల చరిత్రకు ఆధారములు ఇతరుల వానివంటివి కావు. హరిద్వారములోని పండాలు యాత్రికుల వంశములను తరతరములుగా తమ బహీలలో వ్రాసి యుంచిరి. అమెరికాలోని యూటా రాష్ట్రపు సంస్థ యొకటి వానిని సూక్ష్మచిత్రములుగా తీయగా, నేడు ఫ్యామిలీసెర్చ్ అను వెబ్‌సైటులో చూడవచ్చును. పిండప్రదానము లేని మన సంప్రదాయములో అట్టి పుస్తకములకెక్కుట అరుదు. మనకున్నవి సమాధులు. దహనము లేక ఖననము చేయుటవలన తాతలు పండుకొన్న చోటు మనకు తెలియును. కాని రాయి అరుగును, రోడ్డు వెడల్పగును. సెల్‌ఫోనుతో ప్రతి సమాధిని ఏటవాలు ఎండలో ఫొటో తీసినచో, మధ్యాహ్నమున కంటికి కనబడని అక్షరములు నీడలతో తేలి కనబడును. ఫొటోతోపాటు ఆ చోటు గుర్తు కూడ ఫోనులో నిలుచును. మీభూమి వెబ్‌సైటులో అడంగలు, 1–బి దొరకును గాని అవి నేటి లెక్కలు. పాతవానికై కచేరీకి పోక తప్పదు. ఇక మఠముల చిట్టాలలో శిష్యకుటుంబముల పేర్లుండును. మఠాధిపతులు అనుమతించిన వానిని పురుగు పట్టకముందే ఫొటోలు తీయింపవలెను. విజాపురము వాస్తవ్యులు ఫ.గు. హళకట్టిగారు ఇల్లిల్లు తిరిగి, పూజలో నున్న తాటాకు కట్టలను అడిగి తెచ్చి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించిరి. ఆ యిండ్లవారు కట్టలను విప్పనీయకున్నచో నేడు మనకు వచనములెన్ని మిగిలెడివి?

బ్రతికియున్నవారి పేర్లు, పుట్టిన తేదీలు మాత్రము ఇంటర్నెట్టులో నలుగురు చూచు వంశవృక్షములకెక్కింపరాదు. మోసగాండ్రకు అవి తాళపుచెవులు. పైగా, వారి కథను చెప్పుకొను హక్కు వారిది.

నోటుపుస్తకములో సిరాతో వ్రాయుటకు ముందు చిత్తుప్రతిని పెదనాన్నగారికి చదివితిని. "ఊరు, తండ్రి పేరు సరిపోయినవి. కులపు గడి మన యింటి మాటతో సరిపోలేదు. ఈతడే మనవాడని నిశ్చయము లేదు" అని దాని చివర నుండెను. ఆయన చాలసేపు మాటాడలేదు.

"వయసెంతన్నావు?"

"ఇరవై ఒకటి, పెదనాన్నా."

"మీసమైనా సరిగా రాలేదని మా నాయనమ్మ అనేది. ఓడ దిగాడా?"

"దిగినట్టే ఉంది."

"రాయి" అని చేతికఱ్ఱ తీసికొని లోనికి పోయిరి. ఆ గడి కూడనా యని అడుగుటకు నాకు నోరాడలేదు. అన్ని గడులును వ్రాసితిని. మనుమరాలి సంబంధము ఇంకను మాటలలోనే యున్నది.