యంత్రవిద్యకు ధర్మవిచారము వలదా?

యంత్రమును నిర్మించుట విద్య యని యెల్లరు నంగీకరింతురు. దాని వలన నెవరికి మేలు, ఎవరికి కీడు అని విచారించుటయు నొక విద్యయే యన్నచో పలువురు పెదవి విఱతురు. కుమారుడు ఇంజనీరైనందుకు పొంగిపోవు తండ్రియే, ఈ విచారమును జీవితవృత్తిగా గైకొందునను కుమార్తెను, “దాన కూడెట్లు దొరకు?” నని యడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని యట్టి విచారకులు లేనిచోట నష్టమును లెక్కించువా రెవ్వరు?

నెల్లూరు తీరమున చిల్లకూరు వంటి మండలములను జూడుడు. 1980వ దశాబ్దాంతము నుండి ఈ తీరమున రొయ్యల పెంపకము విస్తరించినది. పిల్లలను బొదిగించు హేచరీలు, నీటికి గాలి నందించు ఏరేటర్లు వచ్చినవి, ధనమును వచ్చినది. 1994 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు చెరువులను దెబ్బతీసినది. అమ్మకపు సొమ్ము యజమాని పద్దు కెక్కినది. ఉప్పుబాఱిన బావి యెవరి పద్దునకు నెక్కలేదు.

గాంధేయుడగు ఎస్. జగన్నాథన్ వ్యాజ్యముపై సుప్రీముకోర్టు నాగపూరులోని నీరి సంస్థచే విచారణ జరిపించెను. ఆంధ్ర, తమిళ తీరములలో రాబడికంటె నష్టమే హెచ్చని యా సంస్థ తేల్చినది. తీరనియంత్రణ మండలమున సంప్రదాయపు చెరువులు దప్ప తక్కినవి తొలగింపవలెననియు, పనిపోవు కార్మికులకు ఆఱేండ్ల వేతనము పరిహారముగ నీయవలెననియు 1996 డిసెంబరు 11న తీర్పు వెలువడెను. 2005లో పార్లమెంటు చేసిన చట్టము ఒక ప్రాధికారసంస్థ నేర్పఱచి, అనుమతితో పెంపకము సాగుటకు దారి తెఱచినది. 2009లో వనామి రొయ్యకు ననుమతి లభించెను.

ఇందు మేము గ్రహింపవలసినది, రొయ్య చెడ్డదని కాదు. ఆ చెరువుల యొద్ద కూలి సంపాదించిన కుటుంబము లెన్నియో కలవు. “వలదు” అను మాట వారికి అన్నము పెట్టదు. లోపమెచ్చట ననగా, చెరువు త్రవ్వుటకు ముందే జరుగవలసిన లెక్క, బావులు చెడిన పిమ్మట న్యాయస్థానమున జరిగినది.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఆచార్య ఇ. హరిబాబు హైదరాబాదు విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రమును బోధించుచు, విజ్ఞానమునకును సమాజమునకును గల సంబంధమును బరిశోధించిరి. అయినను ఈ వృత్తికి నొక ప్రమాదము గలదు: ఇతరుల నష్టమే పండితునకు పదవియు గ్రంథమును గాగలదు. కావున నష్టపడువానిని ముందుగా నడిగి, వానికి దెలియు తెలుగులో లెక్క నప్పగించువాడే ఈ విద్య కర్హుడని మా యభిప్రాయము. అట్టి చదువు కోరు కుమార్తెకు తల్లిదండ్రు లడ్డు చెప్పకుందురు గాక!